ఫోన్లో చదివించడం, రాత్రిపూట రాతలో మాట్లాడించడం: మీ కాలేజీల్లో ఎట్టా సాగుతోంది?

మెట్ట మాస్టారు (నెల్లూరు జిల్లా), సోమవారం రాత్రి 9:12

మెట్ట ప్రాంతంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్తాను. ఈ సెమిస్టరులో ఒక పని మొదలుపెట్టి ఏడు వారాలైంది. దాని మంచీచెడూ ఇక్కడ పెట్టి, ఇదే దారిలో నడిచినవాళ్ళ మాట వినాలని రాస్తున్నా. పొడుగవుద్ది, ఓపిక చేసుకుని చదవండి.

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయింది గదా. నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ఇంటరు దాకా తెలుగులో చదివినవాళ్ళే ఎక్కువ. పాఠం అయ్యాక 'ఏమన్నా అడగాలా' అంటే అందరూ బల్లకేసి చూస్తారు. అర్థమైపోయి కాదు. ఏది అర్థం కాలేదో చెప్పడానికి కూడా మాట కావాలి. ఆ మాట ఇంగ్లీషులో రాదు, తెలుగులో అడిగితే పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని బెరుకు. ఇంగ్లీషు మీడియం వచ్చినప్పటి నుంచీ ఇదే చూస్తున్నా.

అందుకని శుక్రవారం సాయంత్రం రెండు పేజీలు మించని పాఠం ఒకటి గూగుల్ డాక్‌లో పెడుతున్నా. ఆదివారం రాత్రి తొమ్మిదిలోపు ప్రతి ఒక్కరూ ఏదో ఒక వాక్యం పక్కన కామెంటులో ఒక మాట రాయాలి. అర్థం కాలేదని రాయొచ్చు, అడ్డం తిరగొచ్చు, తమ ఊరి సంగతి చెప్పొచ్చు. భాష వాళ్ళిష్టం. అవన్నీ ఆదివారం రాత్రి కూర్చుని నేను చదువుతా. సోమవారం క్లాసు ఆ రాతల దగ్గర్నుంచి మొదలవుద్ది.

మొదటి వారం ఆరుగురే రాశారు. అందులో నాలుగు 'సూపర్ సార్', 'నైస్ సార్'. నాలుగో వారం రాజ్యాంగ సభలో 1949 నవంబరు 25న అంబేద్కర్ గారు చేసిన ప్రసంగంలోంచి ఒక ముక్క ఇచ్చాను. 1950 జనవరి 26న మనం వైరుధ్యాల బతుకులోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం ఉంటుంది, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానతే ఉంటుంది అని ఆయన హెచ్చరించిన చోటు. (రాజ్యాంగ సభ చర్చలన్నీ ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. నేను చదువుకునే రోజుల్లో ఆ సంపుటాల అట్టలు కూడా చూడలేదు.) క్లాసులో ఏనాడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఆ వాక్యం పక్కన తెలుగులో ఇట్టా రాసింది: 'ఓటు అందరికీ ఒకటే. మా ఊరి చెరువు నీళ్ళు ముందు ఎవరి పొలానికి పోవాలో ఎవరు ఓటేసి తేల్చారు?'

దాని కింద రాత్రి పదకొండు దాకా పదిహేడు జవాబులు. సోమవారం నేను పాఠం చెప్పలేదు. తూము దగ్గర ఎవరు నిలబడతారు, కాలవ చివరి పొలం ఎవరిది, నీరుకట్టు మనిషిని ఎవరు పెడతారు అని గంటంతా వాళ్ళే మాట్లాడారు. ఆఖరి పది నిమిషాల్లో మళ్ళీ ఆ ప్రసంగం తెరిస్తే, ఆ ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో విడమరచడానికి ముగ్గురు లేచారు.

ఇప్పుడు నా ఇబ్బందులు. ఫోన్లో చదివినదాన్ని చదువు కింద లెక్కెయ్యొచ్చా? సొంత ఫోను లేనివాళ్ళని ఏం చెయ్యాలి? దీనికి మార్కులు పెట్టాలా, వద్దా? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

పాత బల్ల (ఒంగోలు), సోమవారం రాత్రి 10:05

మాస్టారూ, ముప్పై ఒక్క ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. మీ శ్రద్ధకి నమస్కారం. అయినా మనసులో మాట దాచుకోను. ఫోన్లో జరిగేది చదవడం కాదండీ, చూడ్డం. బొటనవేలు ఆగదు. నా మనవరాలు ఇంజనీరింగు రెండో ఏడు. నలభై పేజీల పీడీఎఫ్‌ని పది నిమిషాల్లో కిందికి జరిపేసి 'అయిపోయింది తాతయ్యా' అంటుంది. మధ్యలో ఏముందని అడిగితే చెప్పలేదు. అదే పిల్లకి ఒక అధ్యాయం ప్రింటు తీయించి, పెన్సిలిచ్చి కూర్చోబెడితే సాయంత్రానికి నాతోనే వాదనకి దిగింది.

మార్కాపురం పలక మీద బలపం అరిగేదాకా దిద్దిన తరం మాది. చేత్తో రాసింది చెరిగిపోయినా లోపల ఉంటుందని మా అనుభవం. ఆ చెరువు ప్రశ్న గొప్పది, నిజంగా గొప్పది. దాన్ని కాగితం మీద అడిగించలేమా అన్నదే నా సందేహం.

బీఈడీ అక్క (ప్రకాశం జిల్లా), సోమవారం రాత్రి 10:48

పాత బల్ల గారూ, మీ అనుభవానికి పరిశోధన బలం ఉంది. కాగితం మీద చదవడాన్నీ తెర మీద చదవడాన్నీ పోల్చిన 54 అధ్యయనాలను కలిపి చూసి 2018లో స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు ఒక లెక్క తేల్చారు. అన్నీ కలిపి 1,70,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనాలు అవి. మొత్తం మీద కాగితమే మెరుగని తేలింది. రెండు సంగతులు చూడాలి. తొందరపెట్టి చదివించినప్పుడు తెర మీద చదివేవాళ్ళు ఇంకా వెనకబడ్డారు. కథల్లాంటివి చదివినప్పుడు తేడా కనపడలేదు, సమాచారం ఉన్న పాఠాల్లోనే కనపడింది. మనం కాలేజీలో చదివించేది అదే గదా.

పిల్లలు తెరలకి అలవాటు పడేకొద్దీ ఈ తేడా తగ్గుతుందని చాలామంది అనుకున్నారు. 2000 నుంచి 2017 మధ్య వచ్చిన అధ్యయనాలను చూస్తే అది పెరిగింది. చిన్నప్పటి నుంచి ఫోను పట్టుకున్న పిల్లలు కాబట్టి వాళ్ళకదే వస్తుందని వదిలేస్తే మోసపోతాం.

మాస్టారు చేసింది ఎందుకు పనిచేసిందో కూడా నాకు ఇక్కడే కనపడుతోంది. రెండు పేజీలు, మూడు రోజుల గడువు, ఒక వాక్యం దగ్గర ఆగి తీరాలన్న షరతు. బొటనవేలుని ఆపింది ఆ షరతే. రెండు పేజీల్ని ఇరవై చేసిన రోజు ఇది కూలిపోతుంది మాస్టారూ, దయచేసి పెంచొద్దు.

ఏడున్నర బస్సు (పొదిలి దగ్గర పల్లె), మంగళవారం ఉదయం 8:20

సార్, నేను బీఏ మూడో సంవత్సరం. రోజూ ఏడున్నర బస్సుకి ఒంగోలు పోతా. బస్సులోనే రాస్తున్నా, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మీరు రాసింది చదివి నాకు ఏడుపొచ్చింది. క్లాసులో చెయ్యెత్తాలంటే ముందు వాక్యం ఇంగ్లీషులో కట్టుకోవాలి. అది కట్టుకునేలోపు సార్ తర్వాతి పేజీకి పోతారు. అప్పుడడిగితే వెనకబడినట్టుంటుంది. అదే రాసేదైతే రాత్రి అందరూ పడుకున్నాక రెండుసార్లు చెరిపి రాసుకోవచ్చు.

కానీ ఫోను సంగతి. మా ఇంట్లో స్మార్ట్ ఫోను ఒక్కటే. రాత్రి తొమ్మిది దాకా తమ్ముడిది, తర్వాత నాది. రోజుకి 1.5 జీబీ, అందులో సగం వాడే వాడేస్తాడు. వీడియో పాఠం పెడితే నాకు దక్కదు. అక్షరాలైతే దక్కుతాయి. జర్నల్ పీడీఎఫ్‌లు పేజీకి రెండు వరసలుగా ఉంటాయి, పెద్దది చేస్తే వాక్యం సగం తెర బయటికి పోతుంది. ఎడమకి కుడికి జరుపుకుంటూ చదివేసరికి మొదటి సగం మర్చిపోతాం.

మా క్లాసుకి వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో అడ్మిన్లే మెసేజ్ పెట్టగలరు. నోట్సు వస్తుంది, ఫీజు గడువు వస్తుంది. మేం మాట్లాడే దారి లేదు. పోనీ తెరిచారనుకోండి, అందులో అమ్మాయిల నంబర్లు అందరికీ కనపడతాయి. పోయినేడు నా స్నేహితురాలికి తెలియని నంబర్ల నుంచి మెసేజ్‌లు వచ్చి, వాళ్ళ నాన్న ఫోనే తీసేసుకున్నాడు. ఆ అమ్మాయి చదువు నెల రోజులు ఆగింది. కాబట్టి మాట్లాడే చోటు పెట్టండి, కానీ నంబరు కనపడని చోట పెట్టండి.

మెట్ట మాస్టారు, మంగళవారం మధ్యాహ్నం 1:30

అమ్మా, నంబర్ల సంగతి నాకు తట్టనే లేదు. డాక్‌లో మెయిల్ పేరే కనపడుద్ది కాబట్టి మా క్లాసులో ఆ ఇబ్బంది రాలేదు, అంతే. తెలిసి చేసింది కాదు. ఇక తెలిసే చేస్తా.

పీడీఎఫ్ వరసల గురించి: నేను ఇచ్చే రెండు పేజీలు నేనే మళ్ళీ టైపు చేసో, కాపీ చేసో మామూలు పాఠంగా పెడుతున్నా. వారానికి రెండు గంటలు పోతోంది. ఆ రెండు గంటలూ దండగ కాదని నువ్వు చెప్పాక నమ్మకం కుదిరింది.

పుస్తకాల బీరువా (ప్రకాశం జిల్లా), మంగళవారం సాయంత్రం 6:15

డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్‌ని. ఈ మాట కోసం ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నా కాబట్టి నాది రొంత పొడుగే.

దొరకడం వేరు, చదవగలగడం వేరు. దొరకడానికి ఇవాళ కొదవ లేదు. 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలైంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద ఉన్న 6,300 పైచిలుకు విద్యాసంస్థలకి 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, దాదాపు 13,000, తెరిచి పెట్టారు. గాంధీనగర్‌లోని గ్రంథాలయాల నెట్‌వర్కు సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ దాన్ని నడుపుతోంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఉన్న పిల్లకి పెద్ద యూనివర్సిటీలో ఉన్న పిల్ల చదివే జర్నలే అందే రోజు వచ్చింది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళ నేషనల్ డిజిటల్ లైబ్రరీ అందరికీ ఉచితం. పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కుప్పలుగా ఉన్నాయి. మాస్టారూ, మీ కాలేజీకి లాగిన్ వచ్చిందో లేదో మీ లైబ్రేరియన్‌ని రేపే అడగండి. లాగిన్లు వచ్చి కూడా పిల్లలకి ఇవ్వని కాలేజీలు నాకు తెలుసు. అది చూస్తే కడుపు మండిపోతుంది.

చదవగలగడం దగ్గరే చిక్కు. తెలుగు పీడీఎఫ్‌లలో చాలా భాగం డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో కొట్టినవి. కంటికి చక్కటి తెలుగే. ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట అతికించండి, పిచ్చి గుర్తులు వస్తాయి. అందులో 'చెరువు' అని వెతికితే ఒక్కచోట కూడా దొరకదు, ఎందుకంటే యంత్రం లెక్కలో అక్కడ తెలుగే లేదు. యూనికోడ్‌లో (యంత్రం తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో) కొట్టినవే నిజంగా తెలుగు పాఠాలు. ఇక స్కాన్లు ఉట్టి బొమ్మలు. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాలు ఎక్కించే వాళ్ళు కూడా బొమ్మని అక్షరాలుగా మార్చే ఈ గూగుల్ ఓసీఆర్‌నే వాడుతున్నారు. ఒత్తుల దగ్గర తడబడుతుంది, 'ప'ని 'ష' చేస్తుంది, పాత అచ్చు అయితే ఇంకా ఎక్కువ. మనిషి కూర్చుని దిద్దాల్సిందే. నేను ఇప్పటికి నూట పది పేజీలు దిద్దాను.

మా ఊరికి దగ్గర్లో వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. (2022 దాకా మా జిల్లానే, ఇప్పుడు బాపట్ల జిల్లా.) పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. చిన్నప్పుడు మా నాన్న సైకిలు మీద తీసుకెళ్ళేవాడు. అక్కడ పెద్దవాళ్ళు పత్రిక చదివి అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు. లోపల చదువు, బయట మాట. మాస్టారి డాక్ గురించి చదువుతుంటే నాకు ఆ అరుగే గుర్తొచ్చింది.

చెవితో చదివేవాణ్ణి (నెల్లూరు), మంగళవారం రాత్రి 8:40

బీరువా మేడం, మీరు చెప్పింది నా బతుకు. నాకు చూపు లేదు. ఎంఏ తెలుగు చదువుతున్నా. ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వాడతా, తెర మీద ఉన్నది చదివి వినిపించేవి. ఎన్‌వీడీఏ ఉచితం, 2006లో చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. యూనికోడ్ తెలుగు పెడితే చక్కగా చదివి వినిపిస్తుంది. తిక్కన గారి ఊళ్ళో ఉంటూ ఆయన పద్యాలు మొదటిసారి ఒకరి దయ లేకుండా చదువుకున్నది అట్లాగే, యూనికోడ్‌లో ఉన్న పాఠం దొరికినప్పుడు. ఆ రాత్రి నిద్రపోలేదు.

అను ఫాంట్ల పీడీఎఫ్ తెరిస్తే నాకు వినపడేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కామాలు. స్కాన్ తెరిస్తే ఏమీ వినపడదు. ఖాళీ.

మాస్టారికి ఒక విన్నపం. పిల్లలు తమ ఇష్టమొచ్చిన భాషలో రాయొచ్చన్నారు. బాగుంది. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు ఎక్కువే ఉంటారు గదా. దాన్ని నా ఫోను ఇంగ్లీషు యాసలో చదువుతుంది. 'మేము అన్నాము' అని ఒకరు రాసింది నాకు ఏ దేశపు భాషో అన్నట్టు వినపడుతుంది. మీ క్లాసులో నాలాంటివాడు లేకపోవచ్చు. రేపు రావచ్చు.

మెట్ట మాస్టారు, మంగళవారం రాత్రి 9:30

తమ్ముడూ, మా క్లాసులో సగానికి పైగా అట్టానే రాస్తున్నారు. వద్దంటే అసలు రాయడమే మానేస్తారేమోనని ఊరుకున్నా. నీ మాట విన్నాక ఊరుకోలేను. ఎవరికైనా దారి తెలుసా?

కావలి సర్వర్ (కావలి), మంగళవారం రాత్రి 10:10

నేను ఒక ఇంజనీరింగు కాలేజీలో మూడుల్ (పాఠాలు, చర్చలు నెట్లో నడిపే సాఫ్ట్‌వేర్) సర్వరు చూసుకుంటా. టైపింగు సంగతి తేలిక సార్. ఫోను కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి మాట్లాడమనండి. నోటితో చెప్పింది తెలుగు అక్షరాల్లో పడుతుంది. మా ఫస్టియర్ పిల్లలకి ఒక్క క్లాసులో వచ్చేసింది. పల్లెల మాట కూడా బాగానే పట్టుకుంటోంది, 'యాడ', 'ఎట్టా' అంటే అట్లాగే రాస్తోంది. తర్వాత ఒకసారి చూసుకుని దిద్దుకోవాలి, అంతే.

ఇంకొకటి. డాక్‌లో మొదట రాసినవాడి మాట చూసి మిగతావాళ్ళు అదే రాస్తారు. మూడుల్‌లో ప్రశ్నోత్తరాల రకం చర్చ ఒకటి ఉంది, అందులో తను రాసేదాకా పక్కవాళ్ళది కనపడదు. ముందు తన మాట, తర్వాత అందరి మాట. మా దగ్గర ఇది పెట్టాక ఒకేలాంటి జవాబులు బాగా తగ్గాయి. మూడుల్ ఉచిత సాఫ్ట్‌వేర్, 2002 నుంచి ఉంది. దాని ఫోను యాప్‌లో పాఠం కాలేజీ వైఫైలోనే దించుకుని ఇంటికి పోయి నెట్ లేకుండా చదువుకోవచ్చు. జవాబు కూడా రాసి ఉంచుకుంటే సిగ్నల్ తగిలినప్పుడు అదే వెళ్ళిపోతుంది. ఏడున్నర బస్సు చెల్లెలి లాంటివాళ్ళకి ఇది మేలు.

కేంద్ర ప్రభుత్వం నెట్లో నడిపే స్వయం కోర్సుల్లో కూడా, 2017లో మొదలైనప్పటి నుంచీ, ప్రతి కోర్సుకీ నాలుగు భాగాలు ఉండాలన్నది నియమం: వీడియో పాఠం, చదివే పాఠం, పరీక్ష, చర్చ. మా పిల్లలు మొదటి మూడూ చేసి నాలుగోది తెరవరు. ఎందుకని అడిగితే ఒకడు చెప్పాడు, 'అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు ఎవరున్నారన్నా' అని. మాస్టారి క్లాసులో పదిహేడు జవాబులు రావడానికి కారణం ఆ చెరువు అందరికీ తెలిసిన చెరువు కావడమే అనుకుంటున్నా.

కామర్స్ మేడం (ఒంగోలు), బుధవారం ఉదయం 7:05

అందరూ మంచే చెప్తున్నారు, నాకు జరిగింది చెప్పాలి. నేనూ ఇదే చేశాను. నాలుగు వారాలు. మార్కులు పెట్టాను, ఐదు మార్కులు. మూడో వారానికి జవాబులన్నీ తళతళలాడే ఇంగ్లీషు. పన్నెండు మంది ఒకే మాటతో మొదలుపెట్టారు. చాట్‌బాట్‌ని అడిగి తెచ్చి పెట్టారు. ఒక కుర్రాణ్ణి పిలిచి 'నువ్వు రాసిందాన్ని చదివి చెప్పు' అంటే చదవలేకపోయాడు. వాడి మొహం చూసి నాకు బాధేసింది. వాణ్ణి అందరి ముందు అడిగినందుకు ఇంకా బాధేసింది. ఆపేశాను.

మెట్ట మాస్టారు, బుధవారం రాత్రి 9:50

మేడం, మీరు ఆపేసినందుకు తప్పు పట్టను. మార్కుల ప్రశ్నకి మాత్రం మీ అనుభవంతో నాకు జవాబు దొరికింది. రాసినందుకు మార్కు పెట్టను. రాయకపోతే ఎందుకు రాయలేదో వెళ్ళి అడుగుతా. ఇద్దరి విషయంలో కారణం కళ్ళజోడు లేకపోవడం. ఏడు వారాల ముందు వరకూ ఆ సంగతి నాకు తెలియదు.

చాట్‌బాట్ నా దగ్గరికీ వచ్చింది, ఐదో వారంలో. అందుకే ఆరో వారం మా నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి సారా పోరాటం మీద పాఠం ఇచ్చాను. మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ పిల్లల్లో చాలామందికి తెలియదు. అక్షరాస్యత ఉద్యమం రాత్రి కేంద్రాల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు, చదివిన పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ 1992లో ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపారు. దూబగుంట రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా వినపడింది. ఊళ్ళకి ఊళ్ళు సారా వేలంపాటలకి అడ్డం నిలబడ్డాయి. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. దీని మీద ఇంగ్లీషులో వచ్చిన ఒక వ్యాసంలోంచి రెండు పేజీలు ఇచ్చి, 'మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఆ రోజులు చూసినవాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పింది ఏ వాక్యంతో కలుస్తుందో, ఏ వాక్యంతో కలవదో దాని పక్కన రాయండి' అన్నాను.

ఇది చాట్‌బాట్ రాయలేదు మేడం. దానికి నాయనమ్మ లేదు.

ముప్పై ఒక్క మంది రాశారు. ఒక కుర్రాడు వాళ్ళ జేజిని (నాయనమ్మని) అడిగాడు. ఆమె రాత్రి బడికి పోయిన మనిషి. పాఠంలో ఏముందో ఆమెకి గుర్తు లేదట. పాఠం అయ్యాక ఎవరూ లేచి ఇంటికి పోయేవాళ్ళు కాదని, లాంతరు చుట్టూ కూర్చుని ఎవరి మొగుడు ఎంత తాగాడో చెప్పుకునేవాళ్ళమని, అట్టా చెప్పుకోడం మొదలయ్యాకనే తన ఒక్కదాని గొడవ కాదని తెలిసిందని చెప్పిందట. వాడు అదంతా మైకులో చెప్పించి అట్టాగే ఎక్కించాడు. జేజి గొంతులోని ప్రతి 'అబ్బయా'తో సహా.

నేను మొదట అడిగిన ప్రశ్నలు ఇప్పుడు నాకే రొంత చిన్నవిగా కనపడుతున్నాయి.

పొగాకు రైతు (కొండపి వైపు), బుధవారం రాత్రి 11:20

అయ్యా, నేను చదువుకున్నవాణ్ణి కాను, ఏడో తరగతి. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. ఇది చదివి వినిపించింది, నేను చెప్తుంటే తనే కొడుతోంది.

ఫోను చేతిలో కనపడితే అరిచేవాణ్ణి. రాత్రి పది దాటితే మరీ. ఒకరోజు విసిరేశాను కూడా. అద్దం పగిలింది. తర్వాత ఒకరోజు బ్యారన్ (పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టం) కాడ ఆకు కాలుతుంటే రాత్రి కాపలా ఉన్నా. వేడి తగ్గకుండా, పెరగకుండా చూసుకోవాలి, నిద్రపోకూడదు. తోడుగా వచ్చి కూర్చుంది. పగిలిన ఫోన్లోనే ఏదో చదువుతోంది. ఏందమ్మా అంటే ధరల గురించి పాఠం నాన్నా అంది. చదివి తెలుగులో చెప్పింది. నేను వేలం కాడ జరిగేది చెప్పా. అది రాసుకుని పెట్టింది. మర్నాడు వాళ్ళ మేడం దాన్ని క్లాసులో చదివారట.

నాకు ముందే ఎవరన్నా చెప్పుంటే ఆ అద్దం పగిలేది కాదు. రాత్రిపూట పిల్ల ఫోను చూస్తుంటే అది చదువో కాదో మాకెట్టా తెలుస్తుంది? మీరు పెట్టే పని ఏందో, ఎప్పటిదాకా చెయ్యాలో, తల్లిదండ్రులకి తెలుగులో ఒక ముక్క చెప్పండయ్యా.

బీఈడీ అక్క, గురువారం ఉదయం 6:30

ఈ మాట మా శిక్షణలో ఒక్క పాఠంలో లేదు. ఈ సంవత్సరం నుంచి నేను చెప్తాను.

మెట్ట మాస్టారు, గురువారం మధ్యాహ్నం 1:15

పెద్దాయనా, తప్పు మాది. శనివారం నుంచి ప్రతి ఇంటికీ ఫోన్ చేసి చెప్తా. ముప్పై ఎనిమిది ఇళ్ళే గదా. గడువు కూడా రాత్రి తొమ్మిది నుంచి సాయంత్రం ఆరుకి మార్చబోయా గానీ, ఏడున్నర బస్సు అమ్మాయి మాట గుర్తొచ్చి ఆగా. తొమ్మిది దాకా ఫోను తమ్ముడిదన్నది గదా. అందుకని సోమవారం ఉదయం ఏడు దాకా ఇస్తున్నా. అవి చదవడానికి నేనే గంట ముందు లేస్తా.

ఫోను అసలు లేని నలుగురికి ప్రింటు ఇస్తున్నా. పక్కన బెత్తెడు ఖాళీ వదిలి. వాళ్ళు పెన్నుతో రాసింది క్లాసు లీడరు ఫోటో తీసి డాక్‌లో పెడతాడు. పాత బల్ల గారూ, మీరు అడిగారే, కాగితం మీద అడిగించలేమా అని. ఆ నలుగురి రాతలే అందరికంటే నిదానంగా, లోతుగా ఉన్నాయి. మీరు చెప్పింది నిజం. అందుకే ఇకమీదట పాఠం అందరికీ కాగితం మీద ఇచ్చి, మాటలు మాత్రం తెర మీద పెట్టించాలని ఉంది. జిరాక్సు ఖర్చు లెక్కేస్తున్నా.

పాత బల్ల, గురువారం మధ్యాహ్నం 2:40

ఆ జిరాక్సు ఖర్చు ఈ సెమిస్టరుకి నాది. కాదనకండి. బదులుగా నాకు ఒకటి కావాలి: ఆ జేజి మాటలు చదవాలి.

చెవితో చదివేవాణ్ణి, గురువారం సాయంత్రం 4:05

నేను వినాలి. కుర్రాడు ఒప్పుకుంటే ఆ గొంతు రికార్డు కూడా.

పుస్తకాల బీరువా, గురువారం సాయంత్రం 5:30

మాస్టారూ, ఆ ముప్పై ఒక్క రాతలూ డాక్‌లో ఉంటే ఏదో ఒకరోజు పోతాయి. పిల్లలు, వాళ్ళ పెద్దలు ఒప్పుకున్నవి పేర్లు తీసేసి, యూనికోడ్‌లో, ఒక చోట దాచుకుందాం. అచ్చుతప్పులు నేను దిద్దుతా. దిద్దేటప్పుడు 'అబ్బయా'ని 'అబ్బాయీ' అని మార్చను, మాటిస్తున్నా.

మెట్ట మాస్టారు, శుక్రవారం రాత్రి 8:55

కుర్రాడు ఒప్పుకున్నాడు. జేజి కూడా ఒప్పుకుంది, ఒక షరతు మీద. రాసింది మొత్తం తనకి ఒకసారి చదివి వినిపించాలట. ఆదివారం వాళ్ళ ఊరికి పోతున్నా. మేడం దిద్దాక అనుమతి ఉన్నవన్నీ ఇక్కడే పెడతా. వ్యాసంలోని ఆ రెండు పేజీల సారం తెలుగులో ఇప్పుడే పెట్టాను, చూడండి.

ఏడున్నర బస్సు, శనివారం ఉదయం 7:50

సార్, చదివాను. మీ క్లాసు కాకపోయినా నాదొక ప్రశ్న, రెండో పేరా చివరి వాక్యం దగ్గర. చదువు చెప్పడానికి వచ్చినవాళ్ళు ఆడవాళ్ళకి ఏ పాఠం చెప్పారో రాశారు, వాళ్ళని ఏం అడిగారో రాశారు. అక్షరాలు నేర్చుకున్నాక ఆ ఆడవాళ్ళు తిరిగి వీళ్ళని ఏం అడిగారు? అది ఎక్కడన్నా రాసి ఉందా? లేకపోతే ఆదివారం జేజిని అడిగి వస్తారా?